ఇంటర్నెట్‌లో ఎవరు చెప్పారు?

"ఇంటర్నెట్‌లో అంటే ఎక్కడమ్మా?" అని అడిగారు సుచరిత టీచర్.

స్రవంతి లేచి నిలబడింది. అప్పుడే మధ్యాహ్నం అన్నాలు తిని వచ్చిన ఏడో తరగతి సగం నిద్రలో ఉంది.

"నయీం భాయ్ షాపుల, టీచర్."

"షాపులో ఎక్కడ?"

స్రవంతి బాగా ఆలోచించింది. "మూడో కంప్యూటర్‌ల. కిటికీ దిక్కున్నది."

తరగతికి నిద్ర ఎగిరిపోయింది. వెనక బెంచీల నుంచి నవ్వులు మొదలయ్యాయి. టీచర్ మాత్రం నవ్వలేదు. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకోసాగారు. నవ్వు ఆపుకోవాలనుకున్నప్పుడల్లా ఆవిడ కళ్ళజోడుకు దుమ్ము పడుతుంది.

"ఇదంతా ఎవరు రాశారు?"

"నేనే రాసిన టీచర్. ఒక్క ముక్క సుత ఎవ్వరితోని రాయించలే."

"రాసింది నువ్వేనమ్మా. నీకు చెప్పింది ఎవరు?"

"ఇంటర్నెట్ చెప్పింది."

"ఇంటర్నెట్‌లో ఎవరు చెప్పారు?"

ఇదేం ప్రశ్నో స్రవంతికి అర్థం కాలేదు. నల్లా తిప్పితే నీళ్ళొచ్చినట్టు, మౌస్ నొక్కితే మాటలొస్తాయి. ఈ నీళ్ళు ఎవరు పంపారని ఎవరైనా అడుగుతారా?

సుచరిత టీచర్ పది రోజుల కిందట అందరికీ ఒక ప్రాజెక్టు ఇచ్చారు. మన చుట్టూ ఉండే ఒక జంతువు గురించి పది పేజీలు రాయాలి. చివరి పేజీలో, ఏ విషయం ఎక్కడ దొరికిందో, ఎవరు చెప్పారో, ఎప్పుడు తెలిసిందో వరుసగా రాయాలి.

స్రవంతి బర్రె గురించి రాసింది. అట్ట మీద మెరిసే పెన్నుతో పువ్వులు వేసింది. చివరి పేజీ చుట్టూ తీగలు గీసి, మధ్యలో పెళ్ళి కార్డు మీద అక్షరాల్లా ఒకే ఒక్క మాట రాసింది. ఇంటర్నెట్.

ఇప్పుడు ఆ మాట కింద టీచర్ ఎర్ర పెన్నుతో మూడు ప్రశ్నలు రాశారు. ఎక్కడ? ఎవరు? ఎప్పుడు?

"నీ ప్రాజెక్టు చదివితే నాకు ఇంకా తెలుసుకోవాలనిపించింది" అన్నారు టీచర్. "నేను వెళ్ళి చదవాలంటే దారి నువ్వే చెప్పాలి కదా. సోమవారానికి ఈ పేజీ మళ్ళీ రాసుకు రా. అప్పుడు మార్కులు వేస్తాను."

స్రవంతి ముఖం ముడుచుకుని కూర్చుంది. పది పేజీలు రాస్తే ఒక్క పేజీకి ఇంత లొల్లా అనుకుంది.

ఆ ప్రాజెక్టు వెనక ఇంకో సంగతి ఉంది. అది స్రవంతికి తప్ప ఎవరికీ తెలియదు.

అది రెండువేల మూడో సంవత్సరం. గౌలిపురాలో వాళ్ళ గల్లీలో ఎవరింట్లోనూ ఇంటర్నెట్ లేదు. కావాలంటే మూల మీది నయీం భాయ్ షాపుకు వెళ్ళాలి. పోయిన ఆదివారం స్రవంతి అక్కడికి వెళ్ళి, డిక్షనరీ పక్కన పెట్టుకుని, ఇంగ్లీషులో బర్రెను ఏమంటారో చూసి, 'బఫెలో' అని కొట్టింది.

అమెరికాలో ఒక ఊరు వచ్చింది. ఆ ఊరి పేరే బఫెలో. ఆ ఊళ్ళో ఎంత మంచు పడిందో వచ్చింది. ఆ ఊరి ఆటగాళ్ళు ఎన్ని మ్యాచులు ఓడారో వచ్చింది. ఆ తర్వాత గడ్డమూ జూలూ ఉన్న ఒక పెద్ద అడవి జంతువు వచ్చింది. స్రవంతి ఇంటి వెనక ఉండే బర్రె మాత్రం రాలేదు.

విసుగొచ్చి 'కౌ' అని కొట్టింది. ఆవులు మందలు మందలుగా వచ్చాయి. ఒక పేజీ అయితే మరీ బాగుంది. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకున్న ఆవు బొమ్మ కూడా ఉంది. దాన్ని ప్రింటు తీయించుకుని, ఇంట్లో కూర్చుని డిక్షనరీతో తెలుగులోకి మార్చింది. ఆవు అని వచ్చిన చోటల్లా గేదె అని రాసింది. టీచర్ బర్రెను గేదె అంటారు కాబట్టి.

రెండూ నాలుగు కాళ్ళవే. రెండూ పాలిచ్చేవే. ఏమవుతుందిలే అనుకుంది. ప్రింటు కాగితం మూడు రోజులకే నాయనమ్మ చేతికి దొరికి, పొయ్యి రాజేయడానికి పనికొచ్చింది.

ఆ బుధవారం సాయంత్రం స్రవంతి ఇంటికి వచ్చి, టీచర్ అడిగిన ప్రశ్నకు జవాబు రాసింది. ఎక్కడ అన్నారు కదా. 'నయీం భాయ్ షాపు, మసీదు పక్క సందు, గౌలిపురా, పాతబస్తీ, హైదరాబాదు' అని పిన్‌కోడుతో సహా రాసింది. ఇంతకంటే వివరంగా ఎవరు చెప్పగలరు?

అప్పుడే వాళ్ళ నాన్న కొండల్ ఆ పుస్తకం చూశాడు.

కొండల్‌కు ఇంటి వెనక కొట్టంలో ఆరు బర్రెలున్నాయి. వాళ్ళ తాతల నాటి నుంచీ అదే పని. అతను ఐదో తరగతి వరకే చదివాడు. పుస్తకం మొత్తం తిప్పాడు గానీ, అన్నిటికంటే నచ్చింది ఆ చివరి పేజీయే.

"ఇంటర్నెట్" అని కూడబలుక్కుని చదివాడు. "నా బిడ్డ ఇంటర్నెట్ల నుంచి తెచ్చిందా ఇదంతా? జర చదువు బిడ్డా, అందరు వింటరు."

పాల కోసం డబ్బాలు పట్టుకుని వచ్చినవాళ్ళు ఏడెనిమిది మంది కొట్టం ముందు నిలబడి ఉన్నారు. పక్క గల్లీలో బర్రెలు ఉంచుకునే రామ్‌చందర్ కూడా కబుర్లకు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. స్రవంతి గొంతు సవరించుకుని చదివింది.

"పాలు పిండేటప్పుడు గేదెకు మెల్లని సంగీతం వినిపించవలెను. సంగీతం విన్న గేదె ఆనందించును. ఆనందించిన గేదె ఎక్కువ పాలు ఇచ్చును. అప్పుడు దూడతో పని లేదు. దూడను తల్లికి కనిపించనంత దూరంలో కట్టవలెను. ఏడు రోజులు ఓపిక పట్టవలెను."

అందరూ నోళ్ళు తెరుచుకుని విన్నారు. ఒక్క నాయనమ్మ బాలమ్మ మాత్రం మూతి తిప్పింది.

"గా ఇంటర్నెట్ ఎన్ని బర్లను సాకింది?"

"అవ్వా, నీకు తెల్వదు" అన్నాడు కొండల్. "అది ప్రపంచమంత తెలిసినది."

"ప్రపంచమంత తెలిసినా మన మోతి తెల్వదు గద."

మోతి అంటే ముత్యం. బొగ్గులా నల్లగా ఉండే ఒక పెద్ద బర్రె పేరది. ఆరింటిలోకీ ఎక్కువ పాలిచ్చేది అదే. దానికి నెల రోజుల దూడ ఉంది. ఏ బర్రె అయినా ముందు దూడ వచ్చి నోరు పెడితేనే పాలు పొదుగులోకి దింపుతుంది. దాన్నే చేపడం అంటారు. దూడ కనబడకపోతే చాలా బర్రెలు చేపవు. ఇది కొండల్‌కు తెలియనిది కాదు. చిన్నప్పటి నుంచీ తెలుసు. కానీ చెప్పింది కన్నకూతురు, ఆ పైన ఇంటర్నెట్.

"ఒక్క మోతితోని చూద్దాం" అన్నాడు. "మంచిగైతే తక్కినవాటికి చేద్దాం."

స్రవంతికి 'అది బర్రె సంగతి కాదు, ఆవు సంగతి' అని నోటి దాకా వచ్చింది. కానీ అందరూ తనవైపే గొప్పగా చూస్తున్నారు. మాట మింగేసింది.

మర్నాడు పొద్దున్న మోతి దూడను తీసుకెళ్ళి పక్కింటి బాలరాజ్ పెరట్లో కట్టేశారు. బాలరాజ్ పెళ్ళిళ్ళలో బ్యాండు వాయిస్తాడు. టేప్‌రికార్డరు కూడా అతనే ఇచ్చాడు.

"మెల్లగ ఉండే సంగీతం కావాలె అన్నా" అన్నాడు కొండల్.

"సన్నాయి ఉన్నది. నిద్రపోయే పిల్లలను సుత లేపది."

టేప్‌రికార్డరును గోడ మేకుకు తగిలించారు. సన్నాయి మొదలైంది. మోతి నెమరు వేస్తూ వింది. కొండల్ బకెట్ పెట్టుకుని కూర్చుని పిండడం మొదలుపెట్టాడు. రెండు ధారలు పడ్డాయి. అంతే. మోతి మెడ తిప్పి దూడ కోసం వెతికింది. పక్కింట్లోంచి దూడ అరిచింది. ఇక్కడి నుంచి మోతి అరిచింది. మధ్యలో సన్నాయి.

"ఆనందిస్తున్నదా?" అని అడిగాడు కొండల్.

"ఏడుస్తున్నది" అంది బాలమ్మ.

అంతలో సన్నాయి ఆగిపోయింది. ఆ టేప్‌రికార్డరు, క్యాసెట్ ఒక వైపు అయిపోగానే దానంతట అదే రెండో వైపు మొదలుపెట్టే రకం. రెండో వైపు ఏముందో బాలరాజ్ చెప్పడం మరిచిపోయాడు. మర్ఫా ఉంది. పెళ్ళి బారాతుల్లో గల్లీ గల్లీ అదిరేలా కొట్టే డోలు.

మొదటి దెబ్బ పడగానే మోతి కాలు లేచింది. బకెట్ గాల్లోకి ఎగిరి గల్లీ దాకా దొర్లింది. కొండల్ వెనక్కి వెళ్ళి పేడకుప్పలో కూర్చున్నాడు. మర్ఫా వినబడితే కాళ్ళు ఆగని ఊరది. పాల డబ్బాలతో వచ్చిన పిల్లలు నలుగురు అక్కడే ఎగరడం మొదలుపెట్టారు. గోడ మీంచి చూస్తున్న బాలరాజ్ చేతులు కూడా తనకు తెలియకుండానే గోడ మీద తాళం వేస్తున్నాయి.

"బంద్ చెయ్ అన్నా" అన్నాడు కొండల్ పేడలోంచి.

అందరూ నవ్వారు. స్రవంతి కూడా నవ్వింది. కానీ సాయంత్రం కూడా మోతి పాలివ్వలేదు. అప్పుడు ఎవరూ నవ్వలేదు. ఏడు రోజులు ఓపిక పట్టమంది కదా అన్నాడు కొండల్. శుక్రవారం పొద్దుటికి మోతి మేత ముట్టలేదు. పొదుగు రాయిలా గట్టిపడింది. చెయ్యి వేస్తే నొప్పితో పక్కకు జరుగుతోంది.

బాలమ్మ ఎవరినీ అడగలేదు. కొంగు బిగించి పక్కింటికి వెళ్ళి దూడను విప్పుకొచ్చింది. అది పరుగెత్తుకెళ్ళి తల్లి పొదుగులో మూతి పెట్టింది. మోతి దాన్ని నాకుతూ నిలబడింది. కాసేపటికి కొద్దికొద్దిగా పాలు దిగాయి.

పశువుల డాక్టర్ ప్రహ్లాద్ వచ్చి పొదుగు తడిమి చూశాడు.

"సమయానికి దుడ్డెను తెచ్చిన్రు. ఇంకో రెండు రోజులైతే పొదుగు వాచి చీము పట్టేది. ఇట్ల ఎవరు చెయ్యమన్నరు కొండల్?"

"ఇంటర్నెట్ చెప్పింది సార్."

"ఇంటర్నెట్ల ఎవరు?"

కొండల్ స్రవంతి వైపు చూశాడు. స్రవంతి నేల వైపు చూసింది. రెండు రోజుల్లో ఇద్దరు అదే ప్రశ్న అడిగారు. టీచర్ అడిగినప్పుడు నవ్వులాటగా ఉంది. ఇప్పుడు పక్కన మోతి నొప్పితో కాళ్ళు మార్చి మార్చి నిలబడుతోంది.

"ఏ రకం బర్రెల గురించి రాసిన్రు బిడ్డా? మన నాటువా, ముర్రావా?"

"అది... బర్రె కాదు సార్." అంది స్రవంతి. "ఆవు. ఆవు అని ఉన్నకాడ నేను గేదె అని రాసిన."

కొండల్ కాసేపు కూతురి ముఖంలోకి చూసి, తర్వాత మోతి వీపు మీద చెయ్యి వేశాడు. తిడతాడేమో అని స్రవంతి కళ్ళు మూసుకుంది.

"నాకు తెలిసిన పనే" అన్నాడు కొండల్ చివరికి. "ముప్పై ఏండ్ల సంది చేస్తున్న పని. నేను సుత అడగలే, ఎవరు చెప్పిన్రని."

తిట్టి ఉంటేనే బాగుండేదనిపించింది స్రవంతికి.

డాక్టర్ సంచీ సర్దుకుంటూ అన్నాడు. "మీ మోతికి ఫికర్ లేదు. నాకు ఫికర్ పక్క గల్లీదే. రామ్‌చందర్ నిన్నటి సంది ఎనిమిది బర్ల దుడ్డెలను ఒక్కసారే వేరే కొట్టంల కట్టిండు. నేను చెప్తే వింటలేడు. ఇంటర్నెట్ చెప్పింది, కొండల్ బిడ్డ చదువుతుంటె నా చెవులతోని విన్న అంటున్నడు."

బడి వేళ అయిందని కూడా చూడకుండా తండ్రీ కూతుళ్ళు అప్పుడే పక్క గల్లీకి పరుగెత్తారు. రామ్‌చందర్ కొట్టంలో రేడియో మోగుతోంది. ఎవరో వార్తలు చదువుతున్నారు. ఎనిమిది బర్రెలు కోపంగా వార్తలు వింటున్నాయి.

"రామ్‌చందరన్నా, దుడ్డెలను విప్పు. అది తప్పు" అన్నాడు కొండల్.

రామ్‌చందర్ మీసం దువ్వుకున్నాడు. "మొన్న ఒప్పు, ఇయ్యాల తప్పా? నా పాలు పెరుగుతయని నీకు మంట పుట్టిందా?"

"కాదు పెద్దనాయినా" అంది స్రవంతి. "అది ఆవుల సంగతి. నేనే మార్చిన."

"మీ బాపు గట్ల చెప్పుమన్నడా? ఎవరు రాసిన్రో, ఏమని రాసిన్రో నాకు చూపియ్యి. అప్పుడు విప్పుత."

చూపించడానికి స్రవంతి దగ్గర ఏముంది? ప్రింటు పొయ్యిలో పోయింది. పుస్తకంలో నయీం భాయ్ షాపు పిన్‌కోడుంది.

ఇద్దరూ అటు నుంచి అటే ఆ షాపుకు వెళ్ళారు.

"మూడో కంప్యూటరా?" అన్నాడు నయీం భాయ్ విచారంగా. "అరె బేటీ, అది మొన్ననే ఖరాబైంది. లోపలున్నదంత సాఫ్ చేసిన. ఎవరు ఏం చూసిన్రో ఇప్పుడు ఆ పైవాడికే తెలుసు."

"పేజీ పేరన్న యాది ఉన్నదా?" అని అడిగాడు కొండల్.

"లేదు బాపు. ఆవు చెవులకు హెడ్‌ఫోన్లు ఉండె."

నయీం భాయ్ ఆవు, సంగీతం, పాలు అని ఇంగ్లీషులో కొట్టాడు. వేలకు వేలు వచ్చాయి. ఒకదాని తర్వాత ఒకటి తెరవసాగారు. ఒక దాంట్లో ఆవు బొమ్మల పాల చాక్లెట్లు ఉన్నాయి. ఒక దాంట్లో పిల్లలు పాడుకునే ఆవు పాట ఉంది. ఒకటి తెరుచుకోవడానికి ఎంతసేపు పట్టిందంటే, ఈలోగా నయీం భాయ్ చాయ్ తెప్పించి, ముగ్గురూ తాగేశారు. చూస్తే అది ఖాళీ పేజీ.

కొండల్‌కు ఇంగ్లీషు రాదు. అయినా కుర్చీ ముందుకు లాక్కుని ప్రతి బొమ్మనూ శ్రద్ధగా చూశాడు. "ఈ ఆవు మంచిగున్నది" అనేవాడు. "దీని పొదుగు చూడు." స్రవంతికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పొద్దున్న ఇంత జరిగినా బాపు తన పక్కనే కూర్చుని ఆవులు చూస్తున్నాడు.

గంటంబావు తర్వాత, తెర మీద మెల్లగా రెండు కొమ్ములు దిగాయి. తర్వాత హెడ్‌ఫోన్లు.

"ఇదే" అంది స్రవంతి.

నయీం భాయ్ చదవడం మొదలుపెట్టాడు. మొన్న స్రవంతి చదవకుండా వదిలేసిన పై వాక్యమూ, కింది వాక్యమూ కూడా చదివాడు. చదువుతూ చదువుతూ భుజాలు కదిలేలా నవ్వాడు.

"కొండల్ భాయ్, ఇది రాసింది రైతు కాదు, డాక్టర్ కాదు. ఎవరో తెలుసా? ఆవులకు పాటల క్యాసెట్లు అమ్మే కంపెనీ. మా క్యాసెట్ కొంటే దూడతో పనే లేదు అంటున్నరు. కింద చిన్న అక్షరాల్ల ఇంకోటి ఉన్నది. ఈ క్యాసెట్ మా దేశపు ఆవుల కోసమే, వేరే పశువులుంటే మీ డాక్టర్‌ను అడుగుండ్రి అని."

కొండల్ తల పట్టుకున్నాడు. "క్యాసెట్లు అమ్మేటోడు చెప్తే నేను పేడల పడ్డనా?"

స్రవంతి అప్పటికే పెన్ను తీసింది. తెర పైన ఉన్న పొడుగాటి అడ్రసును నోట్‌బుక్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టింది. చుక్క ఉన్న చోట చుక్క, గీత ఉన్న చోట గీత. ఒక అక్షరం పోయినా పేజీ రాదని నయీం భాయ్ చెప్పాడు. రాశాక నయీం భాయ్‌తో గట్టిగా చదివించి సరిచూసుకుంది. కంపెనీ పేరు రాసింది. ఏ నెలలో రాశారో పేజీ అడుగున ఉంటే అది రాసింది. పక్కనే 'నేను చూసింది శుక్రవారం' అని తేదీ వేసింది.

ప్రింటు తీసుకుని మళ్ళీ రామ్‌చందర్ కొట్టానికి వెళ్ళారు. ఈసారి నయీం భాయ్ షాపు మూసి వెంట వచ్చాడు. చిన్న అక్షరాలు అతనే చదివి వినిపించాడు. రామ్‌చందర్ కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, హెడ్‌ఫోన్ల ఆవును చాలాసేపు చూశాడు.

"క్యాసెట్ల దుకాణమా?"

"అవును పెద్దనాయినా. ఇగో అడ్రసు. నమ్మకం లేకుంటె మీరు సుత పోయి చూడుండ్రి" అంది స్రవంతి.

రామ్‌చందర్ లేచి వెళ్ళి రేడియో ఆపాడు. తర్వాత ఒక్కొక్క దూడనే విప్పాడు. ఎనిమిది దూడలు ఎనిమిది దిక్కులకు ఉరికి, తమ తల్లి ఏదో వెతుక్కునే గడబిడలో రామ్‌చందర్‌ను రెండుసార్లు కింద పడేశాయి. స్రవంతి ఆయన ధోవతికి అంటిన గడ్డి దులుపుతూ, "తప్పైంది పెద్దనాయినా" అంది.

"పో, పోయి మంచిగ చదువుకో" అన్నాడాయన. ఆమె వెళ్ళబోతుంటే, "ఆ కాగితం ఇక్కడ పెట్టి పో. మా ఇంటామెకు చూపియ్యాలె. రెండు రోజుల సంది నన్ను తిడుతున్నది" అన్నాడు.

ఆదివారానికి మోతి మళ్ళీ మేత తింటోంది. పాలు ఇంకా మునుపటంత రాలేదు గానీ, బకెట్‌లో సగం దాకా వచ్చాయి. స్రవంతి పొద్దున్నే నోట్‌బుక్ పట్టుకుని కొట్టంలో పీట వేసుకుని కూర్చుంది. ప్రాజెక్టు మొత్తం మొదటి నుంచీ రాస్తోంది.

"నాయనమ్మా, దుడ్డె లేకుంటె బర్రె ఎందుకు చేపది?"

"బిడ్డ కనవడకుంటె తల్లికి మనసు ఎట్ల నిలుస్తది?" అంది బాలమ్మ. తర్వాత చాలా చెప్పింది. దూడకు ఏ రొమ్ము వదలాలో, పిండే ముందు పొదుగును ఏ నీళ్ళతో కడగాలో, కొత్త మనిషి చేయి వేస్తే బర్రె ఎలా బెదురుతుందో. స్రవంతి ఆపకుండా రాసింది. అర్థం కాని చోట ఆపి మళ్ళీ అడిగింది. నాయనమ్మ ఒక మాట, మోతిని చూడడానికి మళ్ళీ వచ్చిన డాక్టర్ సార్ ఇంకో మాట చెప్పిన చోట రెండూ రాసి, ఎవరిది ఏదో పక్కన పెట్టింది.

క్యాసెట్ల కంపెనీ పేజీని కూడా వదల్లేదు. 'ఇది ఆవుల గురించి. రాసినవాళ్ళు క్యాసెట్లు అమ్ముతారు. మా మోతికి పనికిరాలేదు' అని దాని పక్కన రాసింది.

చివరి పేజీకి వచ్చింది. ఈసారి తీగలు గీయడానికి జాగా మిగల్లేదు.

"ఏం రాస్తున్నవు గంత సేపు?" అని అడిగింది బాలమ్మ. ఆమెకు చదువు రాదు.

"ఎవరెవరు చెప్పిన్రో రాస్తున్న. ఇగో, ఇది నీ పేరు. బాలమ్మ, మా నాయనమ్మ. ఇయ్యాల్టి తారీఖు. పాలు పిండుకుంట చెప్పింది."

బాలమ్మ వంగి ఆ అక్షరాలను చూసింది. తడి వేలితో తాకబోయి, ఆగి, వేలు కొంగుకు తుడుచుకుంది. తన పేరు పుస్తకంలో చూడడం ఆమెకు అదే మొదటిసారి. సంతోషిస్తుందనుకుంది స్రవంతి. కానీ బాలమ్మ తల అడ్డంగా ఊపింది.

"నాదొక్కటే రాస్తె ఎట్ల? నాకు ఇదంత మా అత్త నేర్పింది. ఎల్లమ్మ. నేను ఈ ఇంటికి వచ్చిన కొత్తల బర్రె దగ్గరికి పోవాలంటె గజగజ వణికేదాన్ని. నా చెయ్యి పట్టుకుని పొదుగు మీద పెట్టింది. ఆమె పేరు రాయి."

స్రవంతి రాసింది. 'బాలమ్మకు చెప్పింది ఆమె అత్త ఎల్లమ్మ.'

"ఏ సంవత్సరం నాయనమ్మా?"

"నాకేం యాది? పెండ్లి అయిన ఏడో, మరుసటి ఏడో. ఏదో ఒకటి రాయి. ఎవరు చూడొచ్చిన్రు?"

స్రవంతి పెన్ను కాగితం మీద ఆనించి కొంచెంసేపు ఆగింది. తర్వాత, ఉన్న కాస్త జాగాలో, చిన్న అక్షరాలతో రాసింది.

'ఏ సంవత్సరమో తెలియదు. నాయనమ్మకు గుర్తు లేదు.'